జన్మమా? పరిసరమా?

(ఒక గ్రంథాలయ సభయందు గావింపబడిన ఉపన్యాసము)



మనుష్యుని శీలమును నిర్ణయించునది రక్తమా, పరిసరమా యను ప్రశ్న పండితుల కాలక్షేపమునకై పుట్టినది కాదు. మన దేశమున నా ప్రశ్నకు ప్రభుత్వమే శాసనరూపమున సమాధానము చెప్పినది. లక్షలాది జనుల బ్రతుకులను దానికి బలి యిచ్చినది.

1871లో బ్రిటిషు ప్రభుత్వము నేరస్థ జాతుల శాసనమును చేసెను. వడ్రంగి కొడుకు వడ్రంగి యగునట్లు దొంగ కొడుకు దొంగయే యగునని దాని వెనుకనున్న వాదము. 1911లో నది మదరాసు రాజధానికిని వ్యాపించెను. ప్రకటింపబడిన తెగలో బుట్టినవాని పేరు పట్టికకెక్కును, వ్రేలిముద్రలు గైకొందురు, పిలిచినప్పుడు హాజరు పలుకవలెను, చీటి లేక పొలిమేర దాటరాదు. పిల్లలను తల్లిదండ్రులనుండి విడదీయుటకును ఆ శాసనము అధికారమిచ్చెను. నేరము ఋజువైన పిమ్మటనే శిక్ష యని నేను ధర్మశాస్త్రమున జదువుకొన్నాను. ఇచ్చట శిక్ష తొట్టిలోనే ప్రారంభమైనది!

మన ఎఱుకలవారి చరిత్రమును చూడుడు. వారి శాఖల పేర్లే వారి పూర్వవృత్తులకు సాక్ష్యము. ఉప్పు ఎఱుకలవారు ఉప్పు మోసినవారు. దబ్బ ఎఱుకలవారు వెదురు చీల్చి బుట్టలల్లినవారు. కుంచపూరివారు సాలెవారికి కుంచెలు కట్టినవారు. సముద్రతీరమున ఉప్పును గాడిదలపైనను ఎద్దులపైనను వేసికొని లోనాడులకు గొంపోయి, ధాన్యమునకు మార్చుకొని బ్రతికిన సంచారవర్తకులు వీరు. రైలుబండి వచ్చెను, ఆ బేరము పోయెను. ఉప్పుపై ప్రభుత్వపు పట్టు బిగిసెను. 1876-78 సంవత్సరముల మహాక్షామమున పశువులు నశించెను. 1882 నాటి అడవి చట్టము వెదురునకును మేతకును అడ్డుకట్ట వేసెను. బ్రతుకుతెరువులన్నియు మూసి, పిదప “మీకు వృత్తి యేది?” యని అడుగుట ఎట్టి న్యాయము?

వారిలో దొంగతనమున దిగినవారు లేరని నేను వాదింపను. అట్టివారుండిరి. కాని ఒకడు చేసిన తప్పు ఒకనిది, తెగది కాదు. పట్టికలో పేరున్నవానికి పని యిచ్చువాడు లేడు. పని లేనివాడు తప్పుదారి త్రొక్కును. ఆ తప్పును చూపి పట్టిక సరియైనదే యని ప్రభుత్వము మురియును. తాను వ్రాసిన పత్రమునే తనకు సాక్ష్యముగా దెచ్చుకొను వాదిని ఏ న్యాయస్థానము నమ్మును?

1913లో బాపట్ల చేరువ సాల్వేషన్ ఆర్మీవారి యాజమాన్యమున స్టూవర్టుపురము వెలసెను. హెరాల్డు స్టూవర్టు అను మదరాసు ప్రభుత్వోన్నతాధికారి పేర నా గ్రామమునకు నామకరణమైనది. అచ్చట బడియు సేద్యమును లేకపోలేదు. కాని స్వేచ్ఛ లేనిచోట విద్యకూడ కావలియే యగును.

స్వాతంత్ర్యము వచ్చెను. 1952 ఆగష్టు 31వ తేదీన ఆ శాసనము దేశమంతట రద్దయ్యెను. పట్టికలు చినిగెను, పేరు చినుగలేదు. 1970 దశకమున విజయవాడ నాస్తిక కేంద్రమునకు జెందిన హేమలతాలవణము, లవణముగారలు ఆ గ్రామమునకు బోయి, వారిని నేరస్థులుగా గాక మనుష్యులుగా బలుకరించిరి. పలువురు పాతదారి విడిచిరి. రక్తము మారలేదు, ఆదరము మారినది. మన ప్రశ్నకు ఇంతకన్న ప్రత్యక్షప్రమాణ మేమి కావలయును? అయినను 1991లోను, మరల 2023లోను మన చలనచిత్రములు ఆ గ్రామపు దొంగల కథలనే తెరకెక్కించెను.

కొంతకాలము క్రిందట పట్టభద్రుడైన యువకుడొకడు నా కచేరీకి వచ్చెను. అద్దెగదికై బయానా యిచ్చెనట. స్వగ్రామము పేరు వినగానే యింటివారు బయానా తిరిగి చేతబెట్టిరట. అతడు నన్నడిగిన మాట యిది: “నామీద ఏ కేసూ లేదండీ. లేని కేసులో విడుదల ఏ కోర్టులో తెచ్చుకోవాలండీ?”

ఇరువదియేండ్లుగా వాదములు చేయుచున్న నాకు బదులు తోచలేదు.

2024 అక్టోబరు 3వ తేదీన సుప్రీంకోర్టు, కారాగారములలో కులమునుబట్టి పని పంచు నిబంధనలను రాజ్యాంగవిరుద్ధములని కొట్టివేసెను. ఆ శాసనమునుండి విముక్తమైన తెగలవారిని అలవాటుపడిన నేరస్థులుగా నెంచు పద్ధతిని గర్హించెను. శ్లాఘనీయమైన తీర్పు. కాని న్యాయస్థానపు ఆజ్ఞ కారాగార ద్వారమువఱకే పోగలదు. మన వీధిగడపలు దాటి రాజాలదు.

సోదరులారా! ఆ గడపలయొద్ద న్యాయాధిపతులము మనమే. ఉపాధ్యాయుడు బాలుని ఊరి పేరు విని పెదవి విఱువకుండుగాక. ఇంటివాడు అద్దె నడుగునుగాక, తెగ నడుగకుండుగాక. పోలీసువాడు సాక్ష్యమును వెదకునుగాక, పుట్టుకను వెదకకుండుగాక. పరిసరము మనుష్యుని తీర్చునని యొప్పుకొందుమేని, ఆ యువకుని పరిసరము మనమే యనియు నొప్పుకొనక తప్పదు. అతని ప్రశ్నకు బదులు మనయొద్ద నున్నది.