తవుడు నూనెలో స్టెరాల్

హుజూర్‌నగర్ రైస్ మిల్లులో అప్పుడే రాలిన తవుడును గుప్పెట పట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటుంది, వేళ్లకు సన్నగా జిడ్డు అంటుతుంది. సాగర్ ఎడమ కాలువ కింద పండిన వడ్లలోని నూనె అది. అందులో స్టెరాల్స్ అనే కొవ్వులాంటి పదార్థాలు ఉన్నాయి. వాటికి చుట్టమైన ఒరైజనాల్‌ను 1950లలో జపాన్ శాస్త్రవేత్తలు ఈ తవుడు నూనెలోంచే వేరుచేశారు.

మన ఒంట్లోని కొలెస్టరాల్ కూడా స్టెరాలే. దాన్నుంచే కాలేయం పైత్యరస లవణాలను తయారుచేస్తుంది. కూరలోని నూనెను సన్నటి బిందువులుగా విడగొట్టేవి అవే. నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచే సంగతి ఒకటుంది. అవే లవణాలు, కొవ్వును అరిగించడానికి క్లోమం పంపిన లైపేజ్ ఎంజైమును ఆ బిందువుల మీదినుంచి తోసేస్తాయి! కోలైపేజ్ అనే చిన్న ప్రోటీన్ వచ్చి దాన్ని పట్టి నిలబెడితేనే కొవ్వు అరుగుతుంది. క్లోమంలోదే మరో ఎంజైము, కొలెస్టరాల్ ఎస్టరేజ్, ఆ లవణాలు తగిలితేనే చురుగ్గా పనిచేస్తుంది.

మరి తవుడు స్టెరాల్స్ చేసే పని? పేగులో కొలెస్టరాల్‌కు దక్కే చోటును అవి ఆక్రమిస్తాయి. మొక్కల స్టెరాల్స్ రోజుకు 2 గ్రాములు అందితే చెడు కొలెస్టరాల్ 8 నుంచి 10 శాతం తగ్గుతుంది. మామూలు తిండిలో అందేది అర గ్రాము లోపే. అందుకే నూనె మార్చామని డాక్టరు రాసిన మాత్రలు మానకండి.

తవుడుకూ సొంత లైపేజ్ ఉంది. వడ్లు పట్టిన గంటల్లోనే అది నూనెను పాడుచేయడం మొదలుపెడుతుంది. తవుడును వెంటనే ఆవిరితో వేడిచేసేది దాన్ని ఆపడానికే.