కదిలే ఇంట్లో కాపురం

(స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



పోయిన కార్తీకమాసానికి ముందు ఒకరోజు మా చిన్నాడపడుచు పొద్దున్నే మా ఇంటికి వచ్చింది. కాఫీ ఇస్తే ముట్టుకోలేదు. "వదినా, నువ్వు రేడియోలో నలుగురికీ నచ్చచెబుతావు గదా, మా పిల్లకి కూడా కాస్త నచ్చచెప్పు" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఏ పెళ్ళి సంబంధం గొడవో అనుకున్నాను. తీరా చూస్తే సంగతి అది కాదు.

మా మేనకోడలు డిగ్రీ చదువుతూ హుస్సేన్ సాగర్ లో తెరచాప పడవ నడపడం నేర్చుకుంది. సరదాకి నేర్చుకుంటోంది, నేర్చుకోనీ అని అందరం ఊరుకున్నాం. ఇప్పుడేమో గోవా నుంచి కొచ్చిన్ దాకా సముద్రం మీద ఎనిమిది రోజులు పడవలో వెళ్తానంటోంది. అనుభవం వున్న ఆరుగురితో ప్రయాణం. వాళ్ళలో ఇద్దరు ఆడవాళ్ళు. అయినా తల్లిప్రాణం వూరుకుంటుందా? "నేను చెబితే అరుస్తుంది, నువ్వు చెబితే వింటుంది" అని బాధ్యత నా నెత్తిన పెట్టి వెళ్ళిపోయింది.

సరే, పిల్లను భోజనానికి పిలిచాను. ఇల్లు నడిపే మనిషిని గనుక నా ప్రశ్నలన్నీ ఇంటి ప్రశ్నలే. వంటెలా, నీళ్ళెలా, స్నానమెలా, పడకెలా? ఈ నాలుగూ అడిగితే పిల్ల తనే వెనక్కి తగ్గుతుందనుకున్నాను. మరి ఏం జరిగిందో వినండి.

మొదట వంట. తెరచాప పడవ గాలివాటున ఒక పక్కకి ఒరిగి నడుస్తుందట. గంటో రెండు గంటలో కాదు, గాలి మారేదాకా రోజుల తరబడి అలాగే. అంటే మన వంటగట్టు ఏటవాలుగా వుండి, పైగా ఊగుతూ వుంటే ఎలా వుంటుందో ఊహించుకోండి. అంచేత అక్కడి స్టవ్వును రెండు పక్కలా ఇరుసుల మీద ఉయ్యాలలా వేలాడదీస్తారు. పడవ ఎటు ఒరిగినా స్టవ్వు మట్టంగానే వుంటుంది. గిన్నె జారకుండా చుట్టూ కమ్మీలు బిగిస్తారు. వంట చేసే మనిషి పడిపోకుండా నడుముకి ఒక పట్టీ కట్టుకుని నిలబడుతుంది. మూత గట్టిగా బిగుసుకునే ప్రెషర్ కుక్కరంటే పడవలవాళ్ళకి ప్రాణం. తలకిందులైనా పప్పు ఒలకదు గదా!

గ్యాసు విషయం మాత్రం మనందరం వినవలసింది. వంటగ్యాసు గాలికంటె బరువైనది. కారితే పైకి పోదు, కిందికి దిగి నిలిచిపోతుంది. మన ఇంట్లో అయితే తలుపులు తీసి బయటికి తోలుకోవచ్చు. పడవ అడుగుభాగం మూతలేని గిన్నె లాంటిది. అందులో చేరిన గ్యాసు బయటికి పోయే దారే వుండదు. ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకని సిలిండరును లోపల పెట్టరు. అడుగున గాలి సముద్రంవైపు పోయే కంత వున్న వేరే అరలో పెడతారు. వంట కాగానే స్టవ్వు దగ్గర ఒకసారి, సిలిండరు దగ్గర ఒకసారి కట్టేస్తారు. "అత్తయ్యా, మీరు రాత్రి రెగ్యులేటరు కట్టేస్తున్నారా?" అని అడిగింది పిల్ల. నేను జవాబు చెప్పకుండా ఇంకొంచెం చారు వడ్డించాను.

ఇక నిలవ సరుకు. ఇక్కడే నాకు ఆసక్తి పుట్టింది. అమెరికా ఆమె లిన్ పార్డీ, ఆమె భర్త ల్యారీ కలిసి తమ చేతులతో కట్టుకున్న పడవ 1968లో నీళ్ళలోకి దిగింది. పొడవు 24 అడుగుల పైన కొంచెం, అంతే. మన ముందుగదీ వంటిల్లూ కలిపినంత. దానికి ఇంజనే లేదు. ఆ పడవలోనే పదకొండేళ్ళు ప్రపంచం తిరిగారు. జపాన్ నుంచి కెనడాకు 49 రోజుల ప్రయాణంలో ప్రతిరోజూ ఏం వండిందీ, ఏం చెడిపోయిందీ రాసిపెట్టుకుని, 1980లో పుస్తకం వేసిందావిడ. పద్దు పుస్తకం రాసుకునే ఇల్లాలికి అంతకంటె దగ్గరి బంధువు ఎవరుంటారు చెప్పండి!

ఫ్రిజ్ లేకుండా కోడిగుడ్లు వారాల తరబడి ఎలా నిలవ వుంటాయో తెలుసా? కడగని తాజా గుడ్లు తెచ్చి, పైన పల్చగా వాజిలీను పూసి, నాలుగు రోజులకొకసారి తిరగేస్తూ వుంటారు. వాడేముందు వేరే గిన్నెలో పగలగొట్టి చూసుకుంటారు. ఉల్లిపాయలూ బంగాళాదుంపలూ ఒకచోట పెట్టరు, రెండూ త్వరగా పాడవుతాయని. గాలి తగిలేలా వలసంచుల్లో వేరువేరుగా వేలాడదీస్తారు. టమాటాలు పచ్చివే కొని ఒక్కొక్కటీ కాగితంలో చుడతారు. క్యాబేజీని కత్తితో కోయరు, పైనుంచి ఒక్కొక్క ఆకే వలుచుకుంటే చాలాకాలం వస్తుంది. అట్టపెట్టెలను పడవలోకి రానివ్వరు, వాటి మడతల్లో బొద్దింక గుడ్లు వస్తాయని. డబ్బాల మీది కాగితాలు తడికి వూడిపోతే బఠాణీ ఏదో, పండ్లముక్కలేవో తెలియదు గనుక, ముందే చెరగని రంగుతో పేర్లు రాసుకుంటారు.

నీళ్ళ మాట చెబితే వేసవిలో కుళాయి దగ్గర బిందెలు పట్టుకుని నిలబడ్డవాళ్ళకి బాగా అర్థమవుతుంది. చుట్టూ నీళ్ళే, తాగడానికి చుక్క లేదు. తాగడానికీ వంటకీ కలిపి మనిషికి రోజుకి రెండు మూడు లీటర్లు లెక్కపెట్టుకుంటారు. గిన్నెలు ఉప్పునీళ్ళతోనే తోముతారు. దుంపలు ఉడికించడానికి మంచినీళ్ళలో కొంచెం సముద్రపునీళ్ళు కలిపేస్తారు, ఉప్పు కూడా కలిసొస్తుంది. స్నానం కూడా ఉప్పునీళ్ళదే. మామూలు సబ్బు దానిలో నురగ రాదు. చివర్లో ఒక చెంబుడు మంచినీళ్ళు దొరికితే పండగ. ఉప్పునీళ్ళలో తడిసిన బట్ట ఎంత ఎండబెట్టినా పూర్తిగా ఆరదు, ఉప్పు గాలిలోని తేమను లాక్కుంటుంది. ఆ తడి బట్టతో ఒంటి మీద పుళ్ళు పడతాయి. పెద్ద పడవల్లో ఉప్పునీటిని మంచినీరు చేసే యంత్రం వుంటుంది గానీ, యంత్రం యంత్రమే. ఎప్పుడు మొరాయిస్తుందో చెప్పలేం.

మరుగుదొడ్డి సంగతి కూడా అడిగేశాను. చేత్తో కొట్టే పంపు వుంటుందట. వాడిన తరువాత సముద్రానికి దారిచ్చే కవాటం కట్టడం మరిచిపోతే కొన్ని పడవల్లో నీళ్ళు లోపలికి తిరిగొస్తాయి. అంటే మరుగుదొడ్డి కవాటం మరిచినా పడవ మునగవచ్చు. ఇంక పడక. మంచం పక్కన గట్టి గుడ్డ పరదా బిగించి, తొట్టిలో పసిపిల్లను వేసినట్టు పడుకోవాలి. లేకపోతే కింద పడతాం. అదీ తెల్లవార్లూ కాదు. మూడు నాలుగు గంటల వంతులు. ఎవరో ఒకరు రాత్రంతా పైన కాపలా వుండి పెద్ద ఓడలకోసం, చేపల వలలకోసం కనిపెట్టుకోవాలి. మొదటి రెండు మూడు రోజులు కడుపులో తిప్పు సంగతి సరేసరి.

ఇవన్నీ విని, "మరి నీకెందుకమ్మా ఈ తిప్పలు?" అన్నాను. వద్దనడానికి ఇంతకంటె అదను ఏముంటుంది? అప్పుడు తను 'తారిణి' మాట ఎత్తింది.

మీలో చాలామందికి గుర్తుండే వుంటుంది. మన నౌకాదళానికి చెందిన ఆరుగురు ఆడపిల్లలు 56 అడుగుల తెరచాప పడవ 'తారిణి'లో 2017 సెప్టెంబరు 10న గోవాలో బయలుదేరి, భూమి చుట్టూ తిరిగి 2018 మే 21న గోవాకే వచ్చారు. మొత్తం 254 రోజులు. 21,600 నాటికల్ మైళ్ళు, అంటే దరిదాపు నలభై వేల కిలోమీటర్లు. నాయకురాలు వర్తికా జోషి. ఆ ఆరుగురిలో ఇద్దరు మనవాళ్ళే. విశాఖపట్నం అమ్మాయి స్వాతి, హైదరాబాదు అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య. ఆస్ట్రేలియాలో ఫ్రీమాంటిల్, న్యూజీలాండులో లిటిల్టన్, ఫాక్లాండ్ దీవుల్లో పోర్ట్ స్టాన్లీ, ఆపైన కేప్ టౌన్. ఈ నాలుగు రేవుల్లో ఆగాలనుకున్నారు. చివరికి వచ్చేసరికి చుక్కాని నడిపే ఏర్పాటు చెడిపోయి మారిషస్ లో కూడా ఆగవలసి వచ్చింది. దక్షిణ సముద్రంలో గంటకు వంద కిలోమీటర్లు మించిన గాలులు కూడా తట్టుకున్నారు. 2018 జనవరిలో కేప్ హార్న్ దాటారు. ఓడలకు మృత్యుముఖమని పేరున్న చోటది. ఆ తరువాత అదే పడవలో దిల్నా, రూప అనే ఇద్దరు ఆఫీసర్లు, ఇద్దరంటే ఇద్దరే, 2024 అక్టోబరు 2న బయలుదేరి 238 రోజుల్లో చుట్టివచ్చారు.

"ఆ గొప్పంతా నాకు తెలుసులే, పేపర్లో చదివాను. అందులో వంట ఎవరు చేశారు?" అన్నాను. నాకా బుద్ధి పోదు గదా!

పిల్ల నవ్వింది. "పడవలో వంట మనిషంటూ వేరే వుండరు అత్తయ్యా. వంతులు. ఇవాళ చుక్కాని పట్టినవాళ్ళు రేపు వంట చేస్తారు. నేను వెళ్ళేదాంట్లో కెప్టెన్ గారికీ అంట్లు తోమే వంతు వుంది. వంట చేసేవాళ్ళను ఎవ్వరూ చిన్నచూపు చూడరు, వాళ్ళు పడుకుంటే మిగతావాళ్ళు పస్తులే గనుక" అంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇరవై రెండేళ్ళుగా గ్యాసు కట్టేస్తున్నాను, నీళ్ళు పొదుపు చేస్తున్నాను, ఎక్కడి వస్తువు అక్కడ పెడుతున్నాను. "ఇంట్లో ఖాళీగానే వుంటారా?" అని అడిగినవాళ్ళకి "అవునండీ" అని చెప్పుకుంటూ వస్తున్నాను. ఆ పనులే నీళ్ళ మీద మనుషుల ప్రాణాలు నిలబెడుతున్నాయి. అక్కడ వాటికి విలువ వుంది, వంతులు కూడా వున్నాయి. నేల మీద ఎందుకు లేవు? ఈ ప్రశ్న మా వారిని అడిగాను. ఆయన ఏమీ అనలేదు గానీ, మర్నాడు రాత్రి రెగ్యులేటరు తనే కట్టేశారు.

అయితే ప్రమాదం లేదని మాత్రం చెప్పలేను. రాత్రివేళ పడవలోంచి పడిన మనిషిని అలల మధ్య వెతికి పట్టుకోవడం చాలా కష్టం. అందుకే భుజాలకూ నడుముకూ పట్టీలు వేసుకుని తాడుతో పడవకు తగిలించుకుంటారు. 'ఒక చెయ్యి పడవకు, ఒక చెయ్యి నీకు' అని నావికుల మాట ఒకటుంది. పని ఎంత తొందరదైనా ఒక చెయ్యి తనను తాను పట్టుకోవడానికి వుంచుకోవాలని దాని అర్థం. ఇంటి చాకిరీలో రెండు చేతులూ ఇంటికే ఇచ్చేసి, మోకాళ్ళ నొప్పులు వచ్చాక డాక్టరు దగ్గరికి పరుగెత్తే మనబోటివాళ్ళం కూడా ఆ మాట గుర్తుపెట్టుకోవాలి.

మర్నాడు ఆడపడుచు ఇంటికి వెళ్ళాను. "నచ్చచెప్పావా వదినా?" అంది గుమ్మంలోనే. "చెప్పడానికి వెళ్ళి వినివచ్చాను" అన్నాను. కోపం వచ్చింది తనకి. రావలసిందే, కన్నది తను గదా. నేను మూడు సంగతులు మాత్రం చెప్పాను. పడవలో వెళ్ళే పెద్దవాళ్ళను ఇంటికి పిలిపించి మాట్లాడు. పిల్ల రాత్రివేళ తాడు కట్టుకోకుండా పైకి రానని మాట ఇవ్వాలి. రేవు చేరగానే మొదటి ఫోను నీకే చెయ్యాలి. ఇవి మూడూ కుదిరితే ఆపకు. భయంతో ఆపితే పిల్ల ఇంట్లో వుంటుంది గానీ నీ దగ్గర వుండదు, అన్నాను. తను ఔననలేదు, కాదనలేదు.

పెద్దవాళ్ళు వచ్చి మాట్లాడారు. పిల్ల మాట ఇచ్చింది. ప్రయాణం నాలుగు రోజులుందనగా ఆడపడుచు నాకు ఫోను చేసింది. "వదినా, కందిపొడీ, గోంగూర పచ్చడీ పెడుతున్నాను. గాజుసీసా పడవలో పగులుతుందటగా, స్టీలు డబ్బా అయితే పులుపుకి పాడవుతుందేమో. దేంట్లో పెట్టమంటావు?"

గట్టి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, మూత మీద చెరగని రంగుతో పేరు రాయమని చెప్పాను.

ఎనిమిది రోజులన్నది పది రోజులైంది, రెండు రోజులు గాలి లేక. ఆ రెండు రోజులూ మా ఇద్దరికీ అన్నం సయించలేదు. పదోనాడు మధ్యాహ్నం ఫోను వచ్చింది, మొదట వాళ్ళమ్మకే. నల్లబడి, చేతులు కాయలు కాచి ఇంటికి వచ్చింది పిల్ల. వచ్చిన మర్నాడు వంటింట్లోకి వెళ్ళి, "అమ్మా, ఇవాళ వంట వంతు నాది, నువ్వు కూర్చో" అందట. మా ఆడపడుచు ఏం చేయాలో తెలియక ముందుగదిలో కూర్చుని పేపరు చదివిందట. ఎన్నేళ్ళకో!