మిషన్‌కు ఏ వెర్షన్ వేస్తారు?

పట్టాలు అందుకున్న మీకు, వెనక వరుసల్లో ఫోన్లు పైకెత్తి ఫొటోలు తీస్తున్న మీ అమ్మానాన్నలకు అభినందనలు.

స్నాతకోత్సవంలో కలల గురించి చెప్పడం ఆనవాయితీ. నేను కంప్యూటర్ వెర్షన్ల గురించి చెబుతాను. మీలో కొందరు రేపు బాలానగర్‌లోనో, ఆటోనగర్‌లోనో సీఎన్‌సీ మిషన్ల మధ్యకు వెళ్తారు. అక్కడ ఓనరుగారు, "బాబూ, చదువుకున్నోడివి కదా, ఈ సిస్టంలో కొత్త వెర్షన్ ఏదో వచ్చిందట, వేసెయ్" అంటారు. వెంటనే సరేనని తలూపకండి.

ఎందుకో లెక్క చూడండి. మామూలు స్టెప్పర్ మోటారు ఒక చుట్టుకు 200 స్టెప్పులు. డ్రైవ్ ఒక్కో స్టెప్పును పదిగా విడగొడితే కంప్యూటర్ 2,000 పల్సులు పంపాలి. బాల్‌స్క్రూ పిచ్ 5 మిల్లీమీటర్లయితే, టేబుల్ ఒక్క మిల్లీమీటరు కదలడానికి 400 పల్సులు కావాలి. నిమిషానికి 1,500 మిల్లీమీటర్ల వేగంలో సెకనుకు 10,000. అంటే పల్సుకూ పల్సుకూ మధ్య ఉన్నది 100 మైక్రోసెకన్లే. సరిగ్గా అప్పుడే కంప్యూటర్ వేరే పనిలో పడి పల్సు ఆలస్యం చేస్తే మోటారు స్టెప్పులు తప్పుతుంది. కదలికను కొలిచే ఎన్‌కోడర్ లేని మిషన్‌కు ఆ సంగతే తెలియదు. స్క్రీన్ మీద అంకెలు బుద్ధిగా కనిపిస్తూనే ఉంటాయి, జాబ్ మాత్రం స్క్రాప్‌లోకి పోతుంది.

లినక్స్‌సీఎన్‌సీకి రియల్‌టైమ్ కెర్నెల్ కావాలనేది ఇందుకే. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీలో మొదలైన ఈఎంసీ ప్రాజెక్టు నుంచి వచ్చిన ఉచిత కంట్రోలర్ అది. ప్రీఎంప్ట్ ఆర్‌టీ అనే రియల్‌టైమ్ మార్పులు ఏళ్ల తరబడి ప్యాచ్‌గా బయటే ఉండి, 2024లో 6.12 వెర్షన్‌తో అసలు లినక్స్ కెర్నెల్‌లో చేరాయి. వారానికో అప్‌డేట్ అలవాటైన మనకు ఆ ఓపిక వింతగానే ఉంటుంది.

లినక్స్ సిస్టంలలో ఒకటైన డెబియన్ వాళ్లు తమ వెర్షన్లకు 'టాయ్ స్టోరీ' సినిమా పాత్రల పేర్లు పెడతారు. 2023లో బుక్‌వర్మ్, 2025లో ట్రిక్సీ వచ్చాయి. నిత్యం మారిపోయే అన్‌స్టేబుల్‌కు మాత్రం బొమ్మలు విరగ్గొట్టే సిడ్ పేరు పెట్టారు. సిడ్‌ను మీ ల్యాప్‌టాప్‌లో పెట్టుకోండి, లేత్ దగ్గరికి మాత్రం రానివ్వకండి. స్టేబుల్‌లోనూ తప్పులుంటాయి. కాకపోతే నిన్న ఎక్కడున్నాయో ఇవాళా చాలావరకు అక్కడే ఉంటాయి, చూసుకుని పని చేసుకోవచ్చు.

వెర్షన్ మంచిదైనంత మాత్రాన మీ కంప్యూటర్ మంచిదని కాదు. బయోస్‌లో పవర్ సేవింగ్ ఆన్‌లో ఉన్నా, గ్రాఫిక్స్ డ్రైవర్ పేచీ పెట్టినా లెక్క తప్పుతుంది. లినక్స్‌సీఎన్‌సీలో ఆలస్యం ఎంతో కొలిచే లేటెన్సీ టెస్ట్ ఉంటుంది. దాన్ని నడుపుతూ వీడియో పెట్టండి, పెన్‌డ్రైవ్‌కు ఫైళ్లు కాపీ చేయండి, విండోలను అటూ ఇటూ లాగండి. సగటు చూడకండి, అతి పెద్ద అంకె చూడండి. జాబ్‌ను పాడు చేసేది అదే. అది 20 మైక్రోసెకన్ల లోపుంటే హాయి. 100 దాటితే ఆ కంప్యూటర్‌తో నేరుగా పల్సులు ఇప్పించకండి. మరో కంప్యూటర్ చూడండి, లేదా పల్సులు తానే తయారుచేసే మెసా లాంటి కార్డు పెట్టండి.

అలాగని పాతదాన్ని గుడ్డిగా నమ్మమనడం లేదు. విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014లోనే మద్దతు ఆపేసింది. మాక్3 అనే సీఎన్‌సీ సాఫ్ట్‌వేర్ ప్యారలల్ పోర్ట్ డ్రైవర్ 64 బిట్ విండోస్‌లో పని చేయదు కాబట్టి పాత సిస్టం వదల్లేని షెడ్లున్నాయి. వాళ్లను వెక్కిరించకండి. ఇంటర్నెట్ వైరు మాత్రం పీకేయండి, ఊరందరి పెన్‌డ్రైవ్‌లూ అందులో పెట్టనివ్వకండి.

ఏ వెర్షన్ వేసినా సరే, ఎమర్జెన్సీ స్టాప్‌ను సాఫ్ట్‌వేర్‌కు వదిలేయకుండా, బటన్ నొక్కగానే డ్రైవ్‌లకు పవర్ తెగేలా వైరింగ్ చేయించండి. ఓనరుగారు కొత్త వెర్షన్ అడిగిన రోజున ముందు పాత డిస్క్‌ను పూర్తిగా కాపీ తీసి బీరువాలో పెట్టండి. కొత్తదాన్ని వేరే డిస్క్‌లో వేసి, రాత్రంతా టెస్ట్ నడిపి, ఆ పెద్ద అంకె ఆయనకు చూపించండి. ఆ తర్వాతే స్పిండిల్ ఆన్ చేయండి.