లెక్కలు చదివిన అమ్మాయికి ఫ్యాక్టరీలో ఏం పని?



ఈవేళ నేను చెప్పబోయేది వంట గురించీ కాదు, కుట్టుపని గురించీ కాదు. ఒక ఉద్యోగం గురించి. పేరు వింటే సగంమంది రేడియో కట్టేస్తారేమోనని భయంగా ఉంది. పారిశ్రామిక గణాంక నిపుణులని పుస్తకాల్లో రాస్తారు, ఇండస్ట్రియల్ స్టాటిస్టీషియన్ అంటారు. కాస్త ఓపిక పట్టండి, పెరుగుగిన్నెతో మొదలుపెడతాను.

పోయిన చలికాలంలో మా ఇంట్లో పెరుగు సరిగా తోడుకునేది కాదు. ఒకరోజు గడ్డపెరుగు, మర్నాడు నీళ్ళు. పాలు తోడేసేది పనిపిల్ల. ఒకనాడు కోపం పట్టలేక “నీ చెయ్యి మంచిది కాదే” అనేశాను. ఆ పిల్ల ఏమీ అనలేదు. నెల తిరగ్గానే జీతం తీసుకుని మానేసింది. ఇంకో మనిషిని పెట్టుకున్నాను. పెరుగు మాత్రం అలాగే ఉంది.

అప్పుడు వచ్చింది మా అక్క కూతురు, హైదరాబాదులో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ పూర్తిచేసుకుని. “చిన్నమ్మా, మనిషి మారినా తప్పు మారలేదంటే, తప్పు మనిషిలో ఉందంటావా?” అంది. క్యాలెండరు పక్కన ఒక కాగితం అంటించింది. పాలు ఎన్నింటికి కాగాయి, తోడు ఎన్నింటికి వేశారు, గిన్నె ఎక్కడ పెట్టారు, పొద్దున పెరుగు ఎలా ఉంది, ఇంతే. మూడు వారాల్లో ఆరు రాత్రులు చెడింది. ఆ ఆరూ సోమవారాలు, గురువారాలు. అంటే నేను భజనకు వెళ్ళే రోజులు! ఆ రోజుల్లో “తొందరగా తోడేసి ఇంటికి పో” అని తరిమేది నేనే. పొయ్యి మీదినుంచి దించిన పాలు చల్లారక ముందే తోడు పడుతోంది, వేడికి చచ్చిపోతోంది. కాగితం ముందు చాలాసేపు నిలబడ్డాను. ఆ పిల్ల ఇప్పుడు వెనక వీధిలో వాళ్ళింట్లో చేస్తోంది. నన్ను చూస్తే తల వంచుకుని పోతుంది.

ఈ ఉద్యోగమంటే పెద్ద ఎత్తున ఇదేనండీ. ఫ్యాక్టరీలో సరుకు ఒకరోజు బాగా వస్తుంది, ఒకరోజు చెడుతుంది. యజమాని పనివాణ్ణి తిడతాడు, పనివాడు యంత్రాన్ని తిడతాడు. 1924లో అమెరికాలో వాల్టర్ షూహార్ట్ అనే ఆయన దీనికొక పటం గీసి చూపించాడు. రోజూ వచ్చే కొలతలను చుక్కలుగా పెట్టి, పైనొక గీత, కిందొక గీత. గీతల మధ్య చుక్కలు అటూ ఇటూ ఊగితే అది మామూలు హెచ్చుతగ్గు, దానికి ఎవర్నీ తిట్టకూడదు. గీత దాటితేనే కారణం వెతకాలి. ఆయన్ని 1947–48లో మహలనోబిస్ గారు మన దేశానికి పిలిపించారు. 1931లో కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టినది ఈ మహలనోబిస్ గారే. తరవాత ఆ సంస్థ పరిశ్రమలున్న ఊళ్ళలో నాణ్యత సలహా కేంద్రాలు తెరిచింది. హైదరాబాదులో కూడా ఒకటుంది.

మన జిల్లావాళ్ళకు చెరకుతో చెబితే ఇంకా తేలిక. నిజాంసాగర్ నీళ్ళు, బోధన్ చెరకు, శక్కర్‌నగర్‌లో 1937లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ, ఇవి మనకు కొత్తా? ఆ గొట్టాల్లోంచి పొగ రావడం 2015 డిసెంబరుతో ఆగిపోయింది, ఆ బాధ వేరు. నేను చెప్పేది ఏ చక్కెర మిల్లులోనైనా జరిగే పని. వంద కిలోల చెరకునుంచి ఎన్ని కిలోల చక్కెర దిగుతుందో దాన్ని రికవరీ అంటారు. కేంద్రప్రభుత్వం ప్రకటించే చెరకు ధర ఈ రికవరీని బట్టే ఉంటుంది. మరి చెరకులో తీపి ఎంతుందో చూడాలంటే బండంతా పిండి చూడలేరు కదా, నాలుగు గడలు లాగి చూస్తారు. ఏ నాలుగు? చెరకు నమిలిన ప్రతి పిల్లవాడికీ తెలుసు, మొదలు తీపి, కొన చప్పన. కొట్టిన చెరకు ఎండలో ఆగితే ఉన్న తీపీ తగ్గిపోతుంది. బండి పైనుంచి లాగారా, అడుగునుంచా? కొట్టి ఎన్ని గంటలైంది? పొద్దున్న బండ్లే చూశారా, రాత్రివి కూడానా? గరిటె తిప్పకుండా పైపైన తీసి పులుసు రుచి చూస్తే ఉప్పు తెలుస్తుందా? ఈ ప్రశ్నలు వేసి, ఎవరికీ అన్యాయం జరగకుండా ఆ నాలుగు గడలను ఎంచే పద్ధతి చెప్పేది ఈ లెక్కలమనిషి. నాలుగు గడల వెనక ఒక రైతు ఇంటి ఏడాది ఖర్చు ఉంది మరి.

ఈ శాస్త్రంలో ప్రపంచమంతా పేరున్నవాడు మన తెలుగువాడే, సి. ఆర్. రావు గారు. 1920లో, ఇప్పుడు కర్ణాటకలో ఉన్న హడగలిలో పుట్టారు. ఎనిమిదో సంతానం కాబట్టి కృష్ణుడి పేరు పెట్టారు, రాధాకృష్ణారావు అని. తల్లి లక్ష్మీకాంతమ్మగారు రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేపి దీపం వెలిగించి చదువుకు కూర్చోబెట్టేవారట. ఆయనే తన పుస్తకంలో రాసుకున్నారు. విశాఖలో లెక్కలు చదివి, ఉద్యోగం కోసం కలకత్తా వెళ్ళి, అది రాక 1941లో మహలనోబిస్ గారి సంస్థలో చేరారు. నూటరెండేళ్ళు బతికి 2023లో కన్నుమూశారు. అమ్మగారి దీపం గురించి చదివాక ఆయన సూత్రాలు అర్థం కాకపోయినా నాకేం చిన్నతనం అనిపించలేదు.

ఆయన 1947లో తయారుచేసిన పట్టికలు మాత్రం మనకూ అర్థమవుతాయి. ఇడ్లీ గట్టిగా వస్తోందనుకోండి. బియ్యం, పప్పు, నానిన గంటలు, రుబ్బడం, పులియడం, నీళ్ళు, మంట, మొత్తం ఏడు సంగతులు. ఒక్కోదాన్ని రెండు రకాలుగా మార్చి అన్నీ కలిపి చూడాలంటే 128 సార్లు ఇడ్లీ పెట్టాలి! పట్టిక ప్రకారం తెలివిగా కలిపి మారిస్తే 8 సార్లతో చాలావరకు తేలిపోతుంది. 1954–55లో కలకత్తా వచ్చి ఆ సంస్థలో కొన్నాళ్ళున్న జపాను ఇంజనీరు టగుచి ఇలాంటి పట్టికలనే ఫ్యాక్టరీలకు అలవాటు చేశాడు. ఆయన పద్ధతికి ఉదాహరణగా చెప్పేది జపానులో పెంకుల కార్ఖానా కథ. బట్టీలో వేడి అంతటా ఒకలా అందక పెంకుల సైజులు తేడా వచ్చేవి. బట్టీ మార్చాలంటే బోలెడు డబ్బు. ప్రయోగం చేస్తే తేలిందేమిటంటే, మట్టిలో సున్నం నూటికి ఒక పాలునుంచి అయిదు పాళ్ళకు పెంచితే వేడి ఎలా ఉన్నా పెంకులు దాదాపు ఒకేలా వస్తాయి. కొత్త ఇడ్లీపాత్ర కొనకుండా పిండి సరిచేసుకున్నట్టన్నమాట.

ఇక ఆడవాళ్ళ మాట. ఇంగ్లండులో స్టెల్లా కన్‌లిఫ్ అనే ఆవిడ గిన్నిస్ బీరు కంపెనీలో లెక్కల నిపుణురాలు. బీరు మాట వదిలేయండి, పీపాల సంగతి వినండి. చేత్తో చేసిన పీపాలను ఒక పనివాడు చూసి మంచివీ చెడ్డవీ వేరుచేయాలి. ఎందుకో చెడ్డవి కూడా మంచివాటిలో కలిసిపోతున్నాయి. ఈవిడ వెళ్ళి చూసింది. మంచి పీపాను పల్లానికి దొర్లిస్తే చాలు, చెడ్డదాన్ని ఎత్తుకు తోయాలి. రోజంతా పీపాలు తోసేవాడికి ఏది మంచిదిగా కనబడుతుందో మీరే ఊహించండి! అతణ్ణి ఏమీ అనలేదు, రెండువైపులా శ్రమ సమానంగా ఉండేట్టు ఆ చోటు మార్పించింది. తరవాత 1975లో రాయల్ స్టాటిస్టికల్ సొసైటీకి మొదటి మహిళా అధ్యక్షురాలయింది.

ఇదంతా చెప్పినా మా బావగారు మొదట ఒప్పుకోలేదు. “బ్యాంకు పరీక్ష రాసుకోక, మగవాళ్ళ మధ్య యంత్రాల దగ్గర ఆడపిల్లకేం పని?” అన్నారు. ఆయన భయం పూర్తిగా తప్పని నేననను. సలహాదారు పనంటే ఊరూరూ తిరగాలి, రాత్రి షిఫ్టులో ఏం జరుగుతోందో చూడాలి, లెక్క తేలాక పెద్ద మేనేజరు ముఖం మీద “తప్పు మీ ఏర్పాటులో ఉంది” అని చెప్పాలి. నాకు భజన సంగతి చెప్పినప్పుడే దాని గొంతు కొంచెం వణికింది. ఆ కాగితం పట్టుకెళ్ళి బావగారికి చూపించాను. పనిపిల్ల సంగతి కూడా దాచలేదు. చాలాసేపు చూసి, “ఇది మన అమ్మాయే రాసిందా?” అన్నారు.

కలకత్తా ఇన్‌స్టిట్యూట్‌లో నాణ్యత, రిలయబిలిటీ, ఆపరేషన్స్ రీసెర్చ్ కలిపి ఎం.టెక్. ఉంది, స్టాటిస్టిక్స్ ఎమ్మెస్సీ చదివినవాళ్ళు ప్రవేశపరీక్ష రాయవచ్చు. మావాడకట్టులో ఇంకెవరింట్లోనైనా లెక్కల పిల్లలుంటే అడిగి చూడండి. మా అమ్మాయి దరఖాస్తు పెట్టింది. పరీక్షకు బావగారే వెంట వెళతానంటున్నారు. నేను మాత్రం రేపు సాయంత్రం వెనక వీధికి వెళ్ళాలి, ఆ పనిపిల్లతో ఒక మాట చెప్పాల్సి ఉంది.