మోషేకు తెలియని వెలుగు

(రేడియోలో ప్రసారమైన వర్తమానము)
వాక్యభాగము: నిర్గమకాండము 34:29–35

మీరు వంటింట్లో పని చేసుకుంటూ వింటున్నారో, పొలం గట్టున కూర్చుని వింటున్నారో, ఆసుపత్రి మంచం మీద ఉండి వింటున్నారో నాకు తెలియదు. రేడియోలో ఒక మేలు ఉన్నది. మీరెలా ఉన్నారో నాకు కనబడదు, నేనెలా ఉన్నానో మీకు కనబడదు. నేను తల దువ్వుకున్నానో లేదో ఎవరికీ పట్టదు. కానీ ఫోనులో ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ మాట్లాడే ఈ కాలంలో ఆ మేలు మనకు తక్కువైపోయింది. ఈ దినము ఆ సంగతి గురించే దేవుని వాక్యము నుండి కొన్ని మాటలు ధ్యానించుకుందాము.

మా సంఘంలో ఒక తల్లి ఉన్నది. గోదావరి ప్రాంతపు ఆడపడుచు. ఆమె ఒక్కగానొక్క కుమారుడు కువైట్‌లో పని చేస్తున్నాడు. శుక్రవారం అక్కడ సెలవు కాబట్టి ప్రతి శుక్రవారం తల్లికి వీడియో కాల్ చేస్తాడు. ఒక దినము ఆ అబ్బాయి నాకు ఫోను చేశాడు. "అయ్యగారూ, మా అమ్మ బాగానే ఉందాండీ? మూడు నెలలైంది నేను అమ్మని చూసి. ఫోను మంచం మీద పడుకోబెట్టి మాట్లాడతాది. నాకు ఫ్యాను, ఇంటి దూలం తప్ప ఇంకేం కనబడవు. అడిగితే కెమెరా పాడైందంటాది" అన్నాడు.

నేను ఆ ఇంటికి వెళ్ళాను. ఆమె పమిటచెంగు సగం ముఖానికి అడ్డం పెట్టుకుని తలుపు తీసింది. ఒక ఉదయం నిద్ర లేచేసరికి మూతి ఒక ప్రక్కకు లాగేసిందట, కన్ను మూతపడలేదట. డాక్టరుగారు చూసి, ఇది మెదడుకు వచ్చిన పక్షవాతం కాదు, ముఖంలో ఉండే నరానికి వాపు వచ్చింది, చాలామందికి నెమ్మదిగా తగ్గిపోతుంది అని చెప్పి మందులిచ్చారు. (ప్రియులారా, ఇలాంటిది ఎవరికి వచ్చినా పసరు మందులని ఆగకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. అది పక్షవాతమో కాదో డాక్టరే చెప్పగలరు.) చాలావరకు తగ్గింది గాని కొంచెం వంకర మిగిలిపోయింది. ఆమె నాతో అన్నది: "వాడు అక్కడ ఎండలో కష్టపడతన్నాడయ్యగారూ. ఈ మొహం చూస్తే అన్నం తినడు. అదొక్కటే కాదండీ. ఫోనులో ఆ మూల చిన్న బొమ్మలో నా మొహం నాకే కనబడతాది. దాన్ని నేనే చూడలేకపోతన్నాను."

ఆ తల్లికి ఏమి చెప్పాలో నాకు వెంటనే తోచలేదు. ఎందుకంటే అదే చిన్న బొమ్మ ముందు నేను కూడా ఓడిపోయినవాడిని.

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైనప్పుడు మందిరాలు మూతబడ్డాయి. అందరిలాగే మేమూ జూమ్‌లో ఆరాధన పెట్టుకున్నాము. నేను మా ఇంటి ముందుగదిలో కూర్చుని ప్రసంగించేవాడిని. తెర మీద ముప్పై నలభై చిన్న చిన్న గళ్ళలో విశ్వాసులు. ఒక గడిలో నేను. ఇన్నేళ్ళుగా నేను ప్రసంగిస్తుండగా నన్ను నేను చూసుకోలేదు. మొట్టమొదటిసారి చూసుకున్నాను. జుట్టు ఎంత పల్చబడిపోయింది! గడ్డం క్రింద ఈ మడత ఎప్పుడు వచ్చింది! నా నోట వాక్యము వెళ్తూనే ఉన్నది గాని, నా కన్ను మాత్రం ఆ గడి విడిచి కదలలేదు. ఆరాధన అయిన తరువాత నా భార్య అడిగింది: "ఆ సహోదరి ఆరాధన అయ్యేదాకా ఏడుస్తూనే ఉంది. మీరు ఆమె కోసం ప్రార్థన చేయలేదేమండీ?" అంతకు ముందు వారమే భర్తను పోగొట్టుకున్న సహోదరి ఆమె. నా గడికి రెండు గళ్ళ అవతల ఉన్నది. నేను చూడలేదు. మంద ఏడుస్తుంటే కాపరి తన జుట్టు చూసుకుంటున్నాడు. ఆ రాత్రి నేను దేవుని సన్నిధిలో మోకరించి క్షమాపణ అడిగాను. మరునాడు ఆ సహోదరికి ఫోను చేసి ఆమెను కూడా క్షమాపణ అడిగాను.

ఇది కేవలం మన అతిశయం అనుకోవద్దు. దీనిలో మనిషి బలహీనత కూడా ఉన్నది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పని చేసే జెరెమీ బైలెన్‌సన్ అనే ఆచార్యుడు 2021లో ఒక వ్యాసం రాస్తూ, వీడియో కాల్స్ మనిషిని ఎందుకు అలసిపోజేస్తాయో నాలుగు కారణాలు చెప్పాడు. వాటిలో ఒకటి, మన ముఖం అదే పనిగా మనకు కనబడుతూ ఉండటం. రోజంతా ఎవరో ఒక అద్దం పట్టుకుని మన వెంట తిరిగితే ఎలా ఉంటుందో ఇదీ అలాంటిదే అన్నాడు.

మరొక సంగతి. 1977లో అమెరికాలో కొందరు పరిశోధకులు ఒక పరీక్ష చేశారు. ఒక మనిషి ఫొటోను రెండు విధాలుగా అచ్చువేశారు. ఒకటి లోకానికి కనబడే విధముగా, ఇంకొకటి కుడి ఎడమలు మార్చి, అద్దంలో కనబడే విధముగా. ఏది బాగున్నదని అడిగితే ఎక్కువమంది తమ అద్దపు ముఖమే బాగున్నదన్నారు. వారి స్నేహితులు మాత్రం అసలు ముఖమే బాగున్నదన్నారు. గమనించారా? నేను ఇష్టపడే ముఖం నా స్నేహితుడు ఎన్నడూ చూడనే లేదు. నా స్నేహితుడు ఇష్టపడే ముఖానికి నేను అలవాటు పడలేదు. పైగా ఫోను ముఖానికి మరీ దగ్గరగా పెట్టుకుంటే ముక్కు ఉన్నదానికంటే పెద్దదిగా కనబడుతుంది. 12 అంగుళాల దూరం నుండి తీసిన ఫొటోలో, 5 అడుగుల దూరం నుండి తీసినదాని కంటే ముక్కు సుమారు 30 శాతం వెడల్పుగా కనబడుతుందని 2018లో ఒక వైద్య పత్రికలో లెక్క కట్టి చూపించారు. కాబట్టి ఆ చిన్న బొమ్మ మన విషయంలో నమ్మదగిన సాక్షి కాదు. దాని సాక్ష్యం మీద మనకు మనమే తీర్పు తీర్చుకోకూడదు.

ఇప్పుడు వాక్యము దగ్గరకు వద్దాము. మూడు చూపుల గురించి చెప్పి ముగిస్తాను.

మొదటిది, నన్ను నేను చూసుకునే చూపు. నిర్గమకాండము 38వ అధ్యాయము 8వ వచనంలో ఒక చిన్న మాట ఉన్నది. మనము గబగబా చదివి దాటిపోతాము. ప్రత్యక్షపు గుడారము ద్వారమునొద్ద సేవ చేయుటకు వచ్చిన స్త్రీల అద్దాలతో ఇత్తడి గంగాళము చేయబడిందని అక్కడ వ్రాయబడి ఉన్నది. ఆ దినాల్లో మనకున్న గాజు అద్దాలు లేవు. లోహపు రేకును బాగా రుద్ది, మెరుగుపెట్టి అందులో ముఖం చూసుకునేవారు. ఆ అద్దాలు కరిగి గంగాళమయ్యాయి. యాజకులు బలిపీఠము దగ్గరకు వెళ్ళకముందు అక్కడ చేతులు, కాళ్ళు కడుగుకునేవారు. అద్దం చూసుకోవడం పాపమని దేవుడు అనలేదు. అయితే ముఖం చూసుకొనే వస్తువు, సేవకు సిద్ధపరచే వస్తువుగా మారింది. ముఖం కడుక్కోండి, తల దువ్వుకోండి, మంచి బట్ట కట్టుకోండి. తప్పు లేదు. కానీ సేవకు వేళ అయినప్పుడు అద్దాన్ని గంగాళం చేయడం నేర్చుకోవాలి.

రెండవది, మనుష్యులు చూసే చూపు. యెష్షయి ఇంటికి వెళ్ళిన సమూయేలు ప్రవక్త కూడా ఏలీయాబు ఎత్తు, రూపము చూసి పొరబడ్డాడు. మనుష్యులు పైరూపమును లక్ష్యపెడతారు గాని దేవుడు హృదయమును చూస్తాడని అప్పుడు అతనికి బోధపడింది. అంత గొప్ప ప్రవక్తే పొరబడితే మన సంగతి ఏమిటి? మన తెలుగువారికి ఒక అలవాటున్నది. ఎంతకాలం తరువాత ఫోను చేసినా మొదటి మాట ఏమిటి? "ఏంటే, ఇలా చిక్కిపోయావు?" "ఏరా, బాగా ఒళ్ళు చేశావే!" "ఎండకు నల్లబడిపోయావు!" ప్రేమతోనే అంటాము. కానీ అమెరికాలో చదువుకుంటున్న పిల్ల ఆ మాట విని ఆ రాత్రి అన్నం మానేసిందేమో మనకు తెలియదు. పెళ్ళిచూపులు కూడా ఇప్పుడు వీడియో కాల్‌లోనే జరుగుతున్నాయి. ఎదుటివారు చూస్తుంటే, "కొంచెం వెలుతురులోకి జరగమ్మా, రంగు తెలియడం లేదు" అని అడిగించుకున్న ఆడపిల్లలు మన సంఘాల్లోనే ఉన్నారు. పెద్దలారా, మన నాలుక గురించి మనము మారుమనస్సు పొందాలి.

మూడవది, దేవుడు చూసే చూపు. ఆదికాండము 29వ అధ్యాయములో లేయా, రాహేలు అనే ఇద్దరు అక్కాచెల్లెళ్ళున్నారు. రాహేలు రూపవతి. లేయా కండ్లు బలహీనమైనవి. ఒకే ఇంట్లో ప్రతి దినము చెల్లెలితో పోల్చబడిన స్త్రీ ఆమె. భర్త చూపు చెల్లెలి మీదనే. అయితే ఆమె ప్రేమింపబడకపోవడం యెహోవా చూశాడని వాక్యము చెప్తున్నది. తొలిచూలు కుమారునికి ఆమె రూబేను అని పేరు పెట్టింది. హెబ్రీ భాషలో ఆ పేరులో "చూడుడి" అనే మాట ఉన్నది. దేవుడు నా శ్రమను చూశాడని ఆమె సాక్ష్యం. ఎవరూ చూడని ఆ స్త్రీ కన్న యూదా వంశములోనే మన రక్షకుడు పుట్టాడు. ఆ రక్షకుని గురించి యెషయా ప్రవక్త 53వ అధ్యాయములో ఏమి చెప్పాడు? మనము ఆశపడేటంత సురూపము ఆయనకు లేదన్నాడు. తన ముఖం చూపించడానికి సిగ్గుపడే ప్రతి మనిషికీ ఆయన దగ్గరివాడు.

ఇప్పుడు మన వాక్యభాగము. మోషే నలుబది దినములు దేవునితో మాట్లాడి సీనాయి కొండ దిగి వస్తున్నాడు. అతని ముఖము ప్రకాశిస్తున్నది. కానీ ఆ సంగతి అతనికి తెలియదు! అహరోనుకు కనబడింది, ప్రజలకు కనబడింది. తెలియనిది మోషేకు మాత్రమే. ఇక్కడున్న హెబ్రీ క్రియ "కొమ్ము" అనే మాటకు సంబంధించినది. అందుకే పూర్వపు లాటిన్ తర్జుమాలో మోషే ముఖానికి కొమ్ములున్నట్లు అర్థం వచ్చింది. రోమా పట్టణములో మైకెలాంజెలో 16వ శతాబ్దములో చెక్కిన మోషే విగ్రహానికి నేటికీ తల మీద రెండు కొమ్ములు కనబడతాయి! చూశారా, వెలుగును కొమ్ములుగా చూసే మనుష్యులు ఎప్పుడూ ఉంటారు. మోషే దాని గురించి దిగులుపడలేదు. అతని కన్ను తన మీద లేదు. దేవుని ముఖము చూసినవాడు తన ముఖము సంగతి మరచిపోయాడు. ఆ మరచిపోయిన ముఖమే వెలిగింది.

కాబట్టి ఈ వారము కొన్ని చిన్న పనులు చేద్దాము. జూమ్, గూగుల్ మీట్ వంటి వాటిలో మన బొమ్మ మనకు కనబడకుండా దాచే సదుపాయం ఉన్నది. ఎలాగో తెలియకపోతే ఇంట్లో పిల్లల్ని అడగండి. ఎదుటివారికి మీరు కనబడుతూనే ఉంటారు, మీకు మాత్రం కనబడరు. మోషేలాగా! రెండవది, ఫోను చేతికి అందేంత దూరంలో, కంటికి సమానంగా పెట్టుకోండి. మూడవది, మాట మొదలుపెట్టక ముందు ఎదుటివారి కండ్లు చూడండి. వారు నిద్రపోయారా? ఏడ్చారా? రూపము గురించి కాదు, క్షేమము గురించి అడగండి. నాలుగవది, ఎవరైనా ఈ రోజు ముఖం చూపించలేనంటే బలవంతం చేయకండి. మాట చాలు. ఈ రేడియో మీకు చాలినట్లే.

ఆ తల్లి సంగతి చెప్పి ముగిస్తాను. నేను ఆ దినము ఆమెకు లేయా కథ చెప్పి, ప్రార్థన చేసి వచ్చాను. బలవంతం చేయలేదు. రెండు శుక్రవారాలు ఫ్యానే కనబడిందట. మూడవ శుక్రవారం ఆమె ఫోను చేతిలోకి తీసుకుంది. ఆ మూల చిన్న బొమ్మ మీద కాగితం ముక్క అంటించుకుంది. ఎవరూ నేర్పలేదు, తనకు తానే! కుమారుడు చాలాసేపు మాట్లాడలేకపోయాడట. తరువాత, "ఇదా అమ్మా? ఇంకేదో అయిపోయిందని మూడు నెలలు నిద్రపోలేదే" అన్నాడట. తల్లి దాచింది కొడుకు భయపడకూడదని. దాచినందుకే కొడుకు భయపడ్డాడు.

అపొస్తలుడైన యోహాను తన రెండవ పత్రిక చివర, సిరాతో వ్రాయడం కంటే ముఖాముఖిగా మాట్లాడాలనే తన ఆశను తెలియజేశాడు. ఎందుకు? సంతోషము పరిపూర్ణమగుటకు. అందమైన ముఖాలు కలుసుకున్నందుకు కాదు, ప్రేమించే ముఖాలు కలుసుకున్నందుకు. శ్రోతలారా, మీ ఇంట్లో ఎవరో మీ ముఖం కోసం ఎదురుచూస్తున్నారు. ఉన్నది ఉన్నట్లుగా చూపించండి.

ప్రార్థన చేసుకుందాము. మమ్మును చూచుచున్న దేవా, మా ముఖములను మేము అసహ్యించుకున్న దినములకై మమ్మును క్షమించుము. ఇతరుల ముఖములను మా మాటలతో గాయపరచినందుకు క్షమించుము. దూరదేశములలో ఉన్న మా బిడ్డలను, వారి కోసం ఎదురుచూసే తల్లిదండ్రులను కాపాడుము. నీ ముఖకాంతి మా మీద ప్రకాశింపజేయుము. ఆ వెలుగు మాకు తెలియకపోయినా, మా పొరుగువారికి కనబడనిమ్ము. యేసు నామములో అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.

దేవుడు మిమ్మును దీవించును గాక.