కొత్తపేట కోడలు శారద
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు డిసెంబరు 17. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు పెన్షను దయతో పడేసే భిక్ష కాదని తేల్చి చెప్పింది. దాని గురించి నాకంటె తెలిసినవారు మాట్లాడతారు. కార్యదర్శిగారు నాకిచ్చిన షరతు వేరు. పదిహేను నిమిషాలు మాట్లాడాలి, డి.ఏ. బకాయిల ఊసెత్తకూడదు. నేను శాఖా గ్రంథాలయంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. పుస్తకం తప్ప నా దగ్గర ఇంకేముంటుంది? మన గడ్డ మీద నడిచిన ఒక నవల గురించి నాలుగు మాటలు, నావి కొన్ని, పాఠకులవి ఎక్కువ, మీ ముందుంచుతాను.

ఆ నవల అడవి బాపిరాజుగారి 'నారాయణరావు'. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీలో విశ్వనాథవారి 'వేయిపడగలు'తో కలిసి బహుమతి పంచుకున్నది. 'వేయిపడగలు' పేరు అందరికీ తెలుసు. పి.వి. నరసింహారావుగారు హిందీలోకి 'సహస్రఫణ్'గా అనువదించిన తరువాత దేశానికీ తెలిసింది. దాని పక్కన సమానంగా నిలబడిన పుస్తకంలో కథానాయకుడు మన కొత్తపేటవాడు, తటవర్తివారి అబ్బాయి అంటే ఈనాటి పిల్లలు ఆశ్చర్యపోతారు. బాపిరాజుగారిది భీమవరం ప్రాంతం, అంటే గోదావరికి అవతలి ఒడ్డు. రాజమండ్రి ఆర్ట్సు కాలేజీలో కూల్డ్రే దొరగారి శిష్యుడు. చిత్రకారుడు, కవి, వకీలు. బందరు జాతీయ కళాశాలకు ప్రిన్సిపాలుగా కూడా చేశారు. 1952లో పోయారు.

కథ మీకు గుర్తు చేస్తాను. విశ్వలాపురం జమీందారుగారు రైలులో నారాయణరావును చూస్తారు. మద్రాసులో లా చదివే కుర్రవాడు. అందగాడు, సంగీతం తెలిసినవాడు, కలిగినింటి బిడ్డ. చూడగానే తన కూతురు శారదకు ఇతడే తగిన వరుడనుకుంటారు. తల్లి మనసు మాత్రం జమీందారీ వంశపు కుర్రవాడు జగన్మోహనరావు మీద ఉంది. తండ్రి మాటే నెగ్గి పెళ్లయింది. జమీందారుగారి బిడ్డ కొత్తపేటలో ఒక సంసారుల ఇంటికి కోడలయింది. పెళ్లయితే అయింది గాని ఆ పిల్ల మనసు మొగుడి మీదికి పోలేదు. మిగతా పుస్తకమంతా అది పోవడానికి పట్టిన కాలం.

పేరు 'నారాయణరావు' అయినా నా లెక్కలో ఇది శారద నవలే. అందుకని ఈ రెండు నెలల్లో మన సభ్యులను, వారి ఇళ్లలోని ఆడవారిని, మనవలను, అందరినీ కలిపి ఒక పద్నాలుగు మందిని అడిగాను. చదివినవారిని అభిప్రాయం చెప్పమన్నాను, చదవనివారికి పుస్తకమిచ్చి చదివించాను. (ఇద్దరు ఇంకా తిరిగి ఇవ్వలేదు. ఈ సభలోనే ఉన్నారు.)

మగవారిలో పెద్దవారందరూ దాదాపు ఒకే పాట పాడారు. శారద గురించి అడిగితే పడవల గురించి చెప్పారు! ఎనభై ఎనిమిదేళ్ల రెవిన్యూ పెద్దాయన ఒకరు బొబ్బర్లంక దగ్గర మొదలుపెట్టి లొల్ల లాకుల దాకా వచ్చి, లాకు తలుపులు మూసి నీరు నిండేదాకా పడవ ఎంతసేపు ఆగేదో, గట్టు మీద తాడు భుజాన వేసుకుని పడవ లాగేవాళ్లు ఎలా నడిచేవారో, ముక్తేశ్వరం రేవులో కోటిపల్లి పంటు కోసం ఎలా పడిగాపులు పడేవారో అరగంట చెప్పారు. ఇదంతా నవలలో ఉందా అన్నాను. "ఉన్నా లేకపోయినా, అది చదువుతుంటే నాకివన్నీ కనిపిస్తాయి" అన్నారు. అదీ సంగతి. 2002లో యానాం–ఎదుర్లంక వారధి వచ్చాక రేవు అన్న మాటే మన నోట తగ్గిపోయింది. కొబ్బరితోట మధ్య మండువా ఇల్లు, ఒకే పంక్తిన ముప్పై విస్తళ్లు, ఇంటి పెద్ద మాట — ఇవి తిరిగి కావాలనుకునేవారికి ఈ పుస్తకం పుట్టింటి గుమ్మంలాంటిది. నేను దాన్ని తప్పు పట్టను. కాని గుమ్మం దగ్గరే ఆగిపోతే లోపలున్న శారద కనబడదు.

ఆడవారు పడవల ఊసే ఎత్తలేదు.

మన సంఘంలో ఫ్యామిలీ పెన్షనరు ఒక అమ్మగారున్నారు, ఎనభై నాలుగేళ్లు. 1956లో పెళ్లయి కాపురానికి వచ్చాక అత్తగారికి తెలియకుండా ధాన్యం గదిలో కూర్చుని ఈ నవల చదివారట. ఆవిడ అన్నది రాసుకున్నాను: "నాయనా, శారదకు మొగుడంటే ఇష్టం ఎప్పుడొస్తుందా అని ప్రతి పేజీ ఆత్రంగా తిప్పేదాన్ని. ఆవిడకు వస్తే నాకూ వస్తుందనుకున్నాను." వచ్చిందా అమ్మా అని అడగబోయి ఊరుకున్నాను. ఆవిడే చెప్పారు. "అలవాటయింది. అలవాటు వేరు, ఇష్టం వేరు. బాపిరాజుగారు ఇష్టమే రాయించారు. మంచివారు."

హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసుకునే మనవరాలు ఒకమ్మాయి సెలవుల్లో వచ్చి చదివింది. మొదట విసుక్కుంది. రైలులో కుర్రాణ్ణి చూసి తండ్రి పెళ్లి నిశ్చయించడమేమిటి, పిల్లను అడగవద్దా అని. వాళ్ల తాతగారు, మనలో ఒకరే, అందుకున్నారు: "అతను ఎంత మంచివాడో చూడవే! భార్యకు ఇష్టం కలిగేదాకా ఎదురుచూశాడు, బలవంతం చెయ్యలేదు. ఆ రోజుల్లో ఎంతమంది అలా ఉన్నారు?" ఆ పిల్ల ఏమందో తెలుసునా? "అదే తాతయ్యా నేను అనేది. అతను మంచివాడు కాకపోతే?"

ఈ ప్రశ్న దగ్గర నేను చాలా రోజులు ఆగాను. రచయిత ఎత్తు అక్కడే ఉంది. నారాయణరావుకు రూపం, చదువు, ఆస్తి, కళ, ఓర్పు అన్నీ ఇచ్చేశారు. అటువంటివాణ్ణి కాదనే శారదదే లోపమని పాఠకుడు మొదటి నుంచీ అనుకుంటాడు. నేను పనిచేసిన లైబ్రరీ ప్రతి ఒకటి, మూడుసార్లు బైండు చేయించినది, అంచుల నిండా పెన్సిలు రాతలే. ఒకచోట ఎవరో "పొగరుమోతు" అని రాశారు. కింద వేరే చేతిరాత: "మీ చెల్లెలైతే?" పుస్తకాల మీద రాయకూడదని బోర్డు పెట్టినవాణ్ణి నేనే. ఆ రెండు రాతలు మాత్రం చెరపడానికి చెయ్యి రాలేదు. అదే నారాయణరావు మనలాంటి ఎల్.డి.సి. అయి, మెడలో మఫ్లరు, చేతిలో టిఫిను క్యారేజీ, నెలాఖరుకు చేబదులు చూసుకునేవాడైతే శారద అయిష్టానికి మనం ఇంకో పేరు పెట్టేవాళ్లం. ఆవిడకు తెలివి ఉందనేవాళ్లం!

అయితే బాపిరాజుగారిని ఆ కాలంలో పెట్టి చూడాలి. 1929లో శారదా చట్టం వచ్చి, 1930 ఏప్రిల్ నుంచి అమలయి, ఆడపిల్ల పెళ్లికి పద్నాలుగేళ్లయినా నిండాలన్నది. (ఆ శారదా, హరబిలాస్ శారదాగారి ఇంటిపేరు. మన శారదతో సంబంధం లేదు. అయినా ఆ కలయిక బాగుంది.) దానికే ధర్మం మండిపోయిందని గగ్గోలు పెట్టిన రోజులు. దేశమంతటా విడాకులకు 1955 హిందూ వివాహ చట్టం దాకా ఆగాలి. అటువంటప్పుడు తాళి కట్టినా భార్య మనసు తనది కాదని ఒప్పుకొని, దూరంగా నిలబడి, ఆ మనసును అడిగే భర్తను రాశారాయన. పెళ్లికి ముందు ఎవరూ అడగని ప్రశ్నను పెళ్లి తరువాతైనా అడిగించారు. నా దృష్టిలో ఆ పుస్తకం బతికున్నది అందుకే, మండువా లోగిలి వల్ల కాదు.

ఇంకొక అభిప్రాయం చెప్పకపోతే నా లెక్క పూర్తి కాదు. మన సంఘ సభ్యులే, రిటైరైన హెడ్మాస్టరుగారు, పేటలో పుట్టి పెరిగినవారు. పుస్తకం మూడు రోజుల్లో చదివి తెచ్చి ఇచ్చారు. "బాగుందండీ. భాష తీపిగా ఉంది. ఆ ఇంటి వరిచేలలో మా తాత కనిపిస్తాడేమోనని చూశాను. ఆ కథ చెప్పే కన్ను పెద్దింటి అరుగు మీద నుంచి చూస్తుంది, మా పేటలో నుంచి కాదు" అన్నారు. కోపంగా అనలేదు. దానికి జవాబుగా నేను బోయి భీమన్నగారి 'పాలేరు' నాటకం తీసి ఇచ్చాను. భీమన్నగారూ మన కోనసీమ బిడ్డే, 1911లో మామిడికుదురులో పుట్టారు. పాలేరు కుర్రవాడు చదువుకుని పైకి రావడం అందులో కథ. హెడ్మాస్టరుగారు నవ్వారు. "ఇది చిన్నప్పుడే చదివానండీ. మీరు ఈ రెండూ ఒకే బీరువాలో పక్కపక్కన పెట్టండి, చాలు" అన్నారు. ఇప్పుడు మా ఇంటి బీరువాలో అలాగే ఉన్నాయి.

మీలో ఎవరైనా ఈ నవల చదవదలచుకుంటే ఒక మనవి. ఇంట్లో ఒక్కరే చదవకండి. మీ శ్రీమతిగారికి ముందు ఇవ్వండి, ఆవిడ అయ్యాక మీరు తీసుకోండి, అప్పుడు మాట్లాడుకోండి. యాభై ఏళ్ల కాపురంలో అడగని సంగతి ఒకటి బయటికి రావచ్చు. అది సుఖంగానే ఉంటుందని నేను హామీ ఇవ్వలేను. మా ఇంట్లో రెండు రోజులు కాఫీ చప్పగా వచ్చింది, మూడో రోజు మాట వచ్చింది.

కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. లైఫ్ సర్టిఫికెట్ల సంగతి కోశాధికారిగారు చెప్పాలి, అది శారద కంటె అర్జెంటు. ఆ రెండు పుస్తకాలు తీసుకున్నవారు భోజనాల తరువాత నన్ను కలవగోరుతాను.