ఇంటిలో వైఫై మందగించుట – కారణములు, నివారణ మార్గములు



నిమ్స్ ఆసుపత్రికి వచ్చిన వారందరికిని పంజాగుట్ట తెలియును. కంప్యూటరు విద్య నేర్చుటకు పిల్లలను పంపిన గ్రామములన్నిటికిని అమీర్‌పేట తెలియును. మైత్రీవనము చుట్టును గల సందులలో శిక్షణాలయములును, వానిని ఆనుకొని వసతి గృహములును క్రిక్కిరిసియున్నవి. మీ గ్రామముల యువతీయువకులు పెక్కుమంది అచ్చటనే యుండి చదువుకొనుచున్నారు. పాఠములు వినుట, పరీక్షలు వ్రాయుట, తుదకు ఉద్యోగమునకు ఇంటర్వ్యూ ఇచ్చుట సైతము నేడు ఇంటర్నెట్టు ద్వారా జరుగుచున్నవి. ప్రశ్న అడుగుచుండగా తెరపై బొమ్మ నిలిచిపోయినచో నెలల తరబడి పడిన శ్రమ వృథా కావచ్చును. కావున వైఫై మందగించుటను చిన్న విషయముగా త్రోసివేయరాదు.

ఇట్టి సమయమున చాలమంది ఎక్కువ డబ్బు చెల్లించి పెద్ద ప్లాను తీసికొందురు. తండ్రి ధాన్యము అమ్మి పంపిన రూకలు ఖర్చగును గాని, అనేక సందర్భములలో వేగము పెరుగదు. లోపమెచ్చటనున్నదో మొదట కనుగొనవలెను. ఖర్చు మాట తరువాత. ఈ సంగతి మనవి చేయుటకే మేము ఈ ప్రసంగమునకు పూనుకొంటిమి.

ఇంటర్నెట్టు మనకు రెండు మజిలీలలో చేరును. కంపెనీవారి ఫైబరు వెంట రౌటరు అను పెట్టె వరకు మొదటి మజిలీ. ఆ పెట్టెనుండి ఫోను వరకు గాలిలో రేడియో తరంగములపై రెండవ మజిలీ. కాలువకే నీరు రానప్పుడు పొలములోని బోదె త్రవ్వి ప్రయోజనము లేదు. కాలువ నిండుగా పారుచుండగా బోదె పూడియున్నచో కాలువను నిందించియు ప్రయోజనము లేదు. దీనికి పరీక్ష సులభము. మిగిలిన ఫోనులను ఆపి, కంప్యూటరును తీగతో రౌటరునకు నేరుగా కలిపి, ఉదయమొకసారి, రాత్రి యొకసారి వేగము చూడవలెను. తీగతోనే వేగము తక్కువైనచో లోపము పెట్టెలోనో, వెలుపలి లైనులోనో ఉన్నది. కంపెనీవారికి ఫిర్యాదు చేయవలెను. తీగతో బాగుండి గదిలోని ఫోనునకు రానిచో లోపము ఇంటిలోని గాలి మజిలీలో ఉన్నది.

కొలతలలో ఒక భ్రమ కలదు. ప్లానులు మెగాబిట్లలో చెప్పబడును; ఫోనులో దిగు ఫైళ్లు మెగాబైట్లలో కనబడును. 8 బిట్లు ఒక బైటు. కావున 100 మెగాబిట్ల ప్లానులో సెకనుకు 12.5 మెగాబైట్లకు మించి రావు. ఇది మోసము కాదు, కొలతలోని భేదము మాత్రమే.

ఇక పంజాగుట్టలో ఒక మూడంతస్తుల ఇంటిని ఉదాహరణముగా తీసికొందము. రౌటరు క్రింది అంతస్తున ఇనుప బీరువా వెనుక ఉన్నది. విద్యార్థులు పై అంతస్తున ఉన్నారు. నడుమ ఇనుప కడ్డీలతో పోసిన కాంక్రీటు స్లాబులు కలవు. ఇనుము, కాంక్రీటు, నిండిన నీళ్లతొట్టి – ఇవన్నియు తరంగములను అడ్డగించును. పెట్టెను ఇంటి నడుమ, ఎత్తైన చోట, ఎదుట అడ్డు లేకుండ ఉంచినచో పైసా ఖర్చు లేకయే చాల మేలు జరుగును. పై అంతస్తులకు తీగ లాగి అచ్చట వేరొక పెట్టె నమర్చుట మరింత శ్రేష్ఠము. తీగ లేకుండ తరంగమును అందుకొని తిరిగి పంపు సాధనములు అంగళ్లలో దొరకును. కాని ఒకే పట్టీపై అందుకొనుట, పంపుట రెండును జరిగినప్పుడు వేగము సగమునకు పడిపోవును.

వైఫై ముఖ్యముగా రెండు పట్టీలపై నడచును. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీ దూరము పోవును, గోడలను కొంత దాటును, కాని వేగము తక్కువ. 5 గిగాహెర్ట్జ్ పట్టీ వేగము గలది, గోడ అడ్డమైన త్వరగా సన్నగిల్లును. భారత ప్రభుత్వము మొదటి పట్టీని 2005లోను, రెండవదానిలో విస్తార భాగమును 2018లోను లైసెన్సు లేకుండ వాడుకొన ననుమతించినది. అందుచే ఇంటింటికి వైఫై సాధ్యమైనది, రద్దీయు పెరిగినది.

ఈ రద్దీ స్వభావము పంచాయతీ సభ్యులకు సులభముగా బోధపడును. గ్రామసభలో ఒకరు మాటలాడుచుండగా ఇతరులు ఆగుదురు. వైఫై సాధనములును అట్లే ఒకదాని పిమ్మట ఒకటి పలుకును. అమీర్‌పేటలో ప్రతి గదికి ఒక పెట్టె యుండుటచే, ఒకే చావడిలో పది సభలు జరిగినట్లుండును. 2.4 పట్టీలో మన దేశమున 13 చానెళ్లున్నను, ఒకదానిపై నొకటి పడకుండ సాధారణముగా 1, 6, 11 అను మూడు మాత్రమే వాడుదురు. ఇరుగుపొరుగులు మాటలాడుకొని ఈ మూడింటిని పంచుకొనుట మంచిది. దగ్గర నున్నవారు 5 పట్టీకి మారవలెను. మైక్రోవేవ్ పొయ్యియు 2.4 పట్టీలోనే పనిచేయును గనుక రౌటరును దాని చెంత ఉంచరాదు. దూరమున నున్న బలహీనమైన ఫోను, ఇరుకు బాటలో బరువు బండి వలె, వెనుకవారిని సైతము ఆలస్యపరచును. రహస్యపదము ఊరంతటికి తెలిసినచో వాడువారు పెరిగి వేగము తగ్గును, దానిని మార్చుచుండవలెను.

ఇది పట్టణమునకే పరిమితమైన విషయము కాదు. గ్రామ పంచాయతీలకు ఫైబరు చేర్చు పథకమును కేంద్ర ప్రభుత్వము 2011 అక్టోబరులో ఆమోదించినది. 2015లో దానికి భారత్‌నెట్ అను పేరు వచ్చినది. 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన ఈ-గ్రామస్వరాజ్ ద్వారా పంచాయతీల ప్రణాళికలు, లెక్కలు నమోదగుచున్నవి. మీ కార్యాలయములో పెట్టె బీరువాలో బంధింపబడియున్నచో, కరెంటు పోయినప్పుడు దానికి ఇన్వర్టరు ఆధారము లేనిచో, బిల్లుల చెల్లింపు ఆగును. పని చేసిన వారు కూలికై తిరుగవలసివచ్చును.

కావున సభ్యులు ఒకనాడు కార్యదర్శితో కూర్చుండి తీగతో ఒకసారి, తీగ లేకుండ ఒకసారి వేగము పరీక్షించి, తేదీతో, గంటతో పుస్తకమున వ్రాయవలెను. ప్రైవేటు కంపెనీ కనెక్షను గల ఇండ్లవారు ఫిర్యాదు సంఖ్యను తప్పక తీసికొనవలెను. తృప్తికరమైన జవాబు రానిచో, ట్రాయ్ 2012లో చేసిన నిబంధనల ప్రకారము ఆ కంపెనీలోనే గల అప్పీలు అధికారికి వ్రాసికొనవచ్చును. వ్రాతలో లెక్క యున్నప్పుడు కంపెనీవారు దాటవేయుట కష్టము.

నగరములోని మీ పిల్లలకు ఈ వారము ఫోను చేసినప్పుడు, పెట్టె ఎచ్చట నున్నదో అడిగి తెలిసికొనుడు. దానిని ముందు కదల్చి చూడుమని చెప్పుడు. పెద్ద ప్లానునకు డబ్బు పంపుట అవసరమా కాదా అనునది ఆ పిమ్మట తేలును.